లేగ: పాలు మరవని దూడకు తెలుగు పెట్టిన పేరు

లేగ అంటే తల్లిపాలు తాగే దూడ. ఆవుకు పుట్టినా గేదెకు పుట్టినా, ఇంకా పొదుగు విడవని పసిదాన్ని తెలుగువాళ్ళు లేగ అంటారు, లేగదూడ అంటారు. నిఘంటువులు సాధారణంగా ఈ మాటకు ‘దూడ’ అన్న అర్థం ఇచ్చి ఊరుకుంటాయి. అది తప్పు కాదు కానీ చాలదు. లేగలన్నీ దూడలే, దూడలన్నీ లేగలు కావు. దూడ అన్న పేరు పుట్టిన రోజు నుంచి ఎదిగేదాకా చెల్లుతుంది. లేగ అన్న పేరుకు ఆయుష్షు కొద్ది నెలలే.

ఈ తేడాను సామెతలు చక్కగా పట్టి చూపిస్తాయి. ‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ అన్న సామెత అందరికీ తెలిసిందే. అక్కడ ఉన్నది దూడ, లేగ కాదు. తల్లి వెంట నడిచి, పచ్చిక కొరికి, నమిలి మింగే వయసు దానికి వచ్చింది. ‘తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం’ అన్న సామెతలోనూ దూడ గడ్డితోనే జత కట్టింది. ఈ రెండింటిలోనూ దూడను తీసి లేగను పెడితే మాట కుదరదు. తెలుగు చెవి వెంటనే అభ్యంతరం చెబుతుంది. లేగకు గడ్డితో పని లేదు. కథల్లోనూ పద్యాల్లోనూ లేగ కనిపించిందంటే తరచుగా పక్కన తల్లి ఉంటుంది, పొదుగు ఉంటుంది, లేదా చెంగుచెంగున గంతులు ఉంటాయి.

మరి లేగ అన్న మాటలో పాలు ఉన్నాయా? లేవు. ఈ మాటలో విశేషం అదే. పాలు తాగడాన్ని బట్టి కాదు, లేతదనాన్ని బట్టి పుట్టిన పేరు ఇది. లేత ఆకు, లేత బెండకాయ, లేత కొబ్బరి అన్నప్పుడు వినిపించే ‘లే’ ఇందులోనూ ఉంది. ఆ లే మీద గకారం చేరి లేగ అయింది. చెట్టు కొసన ఎర్రగా మెరిసే చిగురుకూ, కొట్టంలో తడబడుతూ నిలబడే దూడకూ తెలుగు ఒకే మూలం నుంచి పేర్లు పెట్టింది. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వచ్చింది, దాని మలికూర్పు 1984లో వెలువడింది. అందులో లేత, లేగ ఒకే ఆరోపంలో పక్కపక్కనే ఉంటాయి. లేమ కూడా అక్కడే ఉంది. లేమ అంటే పడుచు. లేతవయసులో ఉన్న స్త్రీ కాబట్టి లేమ.

ఈ లే అసలు రూపం ఇది కాదు. ద్రావిడ భాషలన్నిటికీ మూలమైన భాషలో ఇది ‘ఇళ’ అన్న ధ్వనితో ఉండేదని పండితుల నిర్ణయం. తమిళంలో ఈనాటికీ అలాగే ఉంది. ఇళం అంటే లేత, ఇళమై అంటే యౌవనం, ఇళైయ అంటే చిన్న, పిన్న అని అర్థం. తెలుగువారందరికీ తెలిసిన సంగీత దర్శకుడు ఇళయరాజా పేరులో ఉన్నది ఈ మాటే. అప్పటికే ఎ.ఎం.రాజా అనే ప్రసిద్ధ గాయకుడు ఉన్నందువల్ల, 1976లో ‘అన్నక్కిళి’ సినిమాతో పరిచయమైన కొత్త రాజాకు ఇళయ అన్న మాట చేర్చారు. చిన్న రాజా అన్నమాట. కన్నడంలో ఇది ఎళ, ఎళె అయింది. బెంగళూరు వీధుల్లో కొబ్బరిబొండాల బండి మీద కనిపించే ‘ఎళనీరు’ అంటే లేత నీరు. ఇళయరాజా పేరు, ఎళనీరు, లేగదూడ ఒకే వేరు నుంచి మొలిచిన కొమ్మలు.

ఇళ ఎలా లే అయింది? తెలుగుకు ఒక పాత అలవాటు ఉంది. మాట మొదట్లో అచ్చు, దాని వెనక ఒక హల్లు, ఆ తర్వాత మరో అచ్చు వస్తే, తెలుగు ఆ హల్లును ముందుకు లాగి, రెండు అచ్చులనూ కలిపి ఒక్కటి చేస్తుంది. తమిళంలో అవన్ అన్నది తెలుగులో వాడు. తమిళంలో ఉరల్, తెలుగులో రోలు. తమిళంలో ఇరండు, తెలుగులో రెండు. ఉకారం, అకారం కలిసినచోట ఓకారం వస్తుంది, రోలు అలా పుట్టింది. ఇకారం, అకారం కలిసినచోట ఏకారం వస్తుంది, లే అలా పుట్టింది. తెలుగు మాటల మొదట్లో ళకారం నిలవదు కాబట్టి అది లకారమైంది. ఒంగోలులో 1928లో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి, తెలుగు ధాతువుల మీద 1961లో ప్రచురించిన గ్రంథంలో ఇలాంటి మార్పులను తరచి చూశారు. తెలుగు మాట పక్కన తమిళ మాట పెడితే పోలిక లేనట్టు కనిపించడానికి చాలాచోట్ల కారణం ఈ తిరగవేతే. తిరగవేసిన చోటు తెలిస్తే చుట్టరికం బయటపడుతుంది.

తిరగబడని రూపం కూడా తెలుగులో మిగిలే ఉంది. అది ‘ఎల’. ఎలమావి అంటే లేత మామిడి, ఎలనాగ అంటే పడుచు, ఎలప్రాయం అంటే లేతవయసు. ఇవన్నీ కావ్యభాషకే పరిమితమయ్యాయి. లేత, లేగ మాత్రం నిత్యవ్యవహారంలో బతికాయి. ఒకే మూలం ఒకే భాషలో రెండు దారులు పట్టి, ఒకటి పద్యంలోకీ మరొకటి కొట్టంలోకీ చేరడం చూడముచ్చటైన విషయం. వ్యాకరణాలు కూడా లేతకూ దూడకూ ఉన్న బంధాన్ని గుర్తించాయి. ప్రాతాది సంధిలో లేత, దూడ అన్న రెండు మాటలు కలిసి ‘లేదూడ’ అవుతాయి. మీదు, కడ కలిసి మీగడ అయ్యేది కూడా ఈ సంధిలోనే.

అయితే లే కనిపించిన ప్రతిచోటా లేతదనం వెతకకూడదు. లేదు అన్న మాట వేరు, అది తమిళంలోని ‘ఇల్లై’కి చుట్టం. లేమి, లేనివాడు ఆ వంశంలోవి. లేచు అన్న మాట ఇంకొకటి, అది తమిళంలో లేవడాన్ని చెప్పే ‘ఎళు’తో కలుస్తుంది. ఆ ళకారం తమిళులు తమ భాష పేరు చివర పలికే విలక్షణమైన ధ్వని. తమిళంలో ఈ మూడు మాటల్లో ఉన్నవి మూడు వేర్వేరు ధ్వనులు. తెలుగులో మూడూ లకారమైపోయి, మూడు వంశాలు ఒకే గడపలోంచి బయటికి వస్తున్నట్టు కనిపిస్తాయి. పొరుగు భాష సాక్ష్యం లేకుండా తెలుగు మాటకు పుట్టుక చెప్పబోతే పొరపాటు జరిగేది ఇలాంటిచోటే.

పిల్లజంతువులకు పేర్లు పెట్టడంలో దక్షిణాది భాషలు మొదటి నుంచీ శ్రద్ధ చూపాయి. తమిళంలో దొరికిన అతి ప్రాచీన వ్యాకరణం తొల్కాప్పియంలో మరపియల్ అనే అధ్యాయం ఉంది. అది మొదలయ్యేదే పసితనపు పేర్లతో. పార్ప్పు, పఱళ్, కుట్టి, కురుళై, కన్ఱు, పిళ్ళై, మగవు, మఱి, కుళవి అని తొమ్మిది పేర్లు చెప్పి, ఏ పేరు ఏ ప్రాణి పిల్లకు చెల్లుతుందో ఆ తర్వాత వివరిస్తుంది. ఈ పేర్లకు ఆ గ్రంథం పెట్టిన మొత్తం పేరు ‘ఇళమైప్పెయర్’. లేతతనపు పేర్లు అని అర్థం. లేగలో ఉన్న మూలమే అక్కడ పసిపేర్లన్నిటికీ గొడుగు పట్టింది.

ఆ తొమ్మిదింటిలో పిళ్ళై మన పిల్ల. కన్ఱు అన్నది తమిళంలో దూడ. కన్నడంలో దూడను కరు అంటారు, ముద్దుల బిడ్డను కంద అంటారు. తెలుగులో ఆ మాట కందు అయి, మనుషుల ఇంట్లోకి వచ్చింది. పసికందు అన్నప్పుడు రెండో సగంలో ఉన్నది అదే. తమిళంలో దూడ పేరు తెలుగులో పురిటిబిడ్డ పేరు అయింది. దూడకూ బిడ్డకూ మధ్య మాటలు ఇలా అటూ ఇటూ తిరుగుతుండడం పశువులతో కలిసి బతికిన జాతుల భాషల్లో సహజం.

తెలుగులో మిగతా జంతువుల పిల్లలకు ఉన్న పేర్లు చూస్తే లేగ ప్రత్యేకత ఇంకా తేటపడుతుంది. పులికూన, ఏనుగు గున్న, కొదమసింహం, మేకపిల్ల, గొర్రెపిల్ల, లేడికూన. ఈ పేర్లన్నీ చిన్నతనాన్ని చెబుతాయి. ఏ రోజు నుంచి ఏ రోజు వరకు అన్న లెక్క వీటిలో లేదు. మేకపిల్ల పాలు మానినా కొంతకాలం మేకపిల్లే. కొదమ అయితే పాలు ఎప్పుడో మాని, ఉరకలు వేసే వయసులో ఉన్నది. పాలు తాగే దశకు మాత్రమే పరిమితమైన పేరు ఆవుకూ గేదెకూ పుట్టిన దూడకు దక్కింది. దానికి కారణం ఊహించడం కష్టం కాదు. తెలుగు ఇంటికి పాలు ఇచ్చింది ఆవు, గేదె. దూడ తాగేవీ మనిషి పిండుకునేవీ ఒకే పొదుగు పాలు. కాబట్టి దూడ ఇంకా తాగుతోందా, మానిందా అన్నది ఇంటిల్లిపాదికీ కావలసిన కబురు.

పాలు తాగడాన్ని నేరుగా చెప్పే పేర్లు కూడా భాషల్లో ఉన్నాయి. సంస్కృతంలో స్తనంధయుడు అంటే చనుబాలు తాగేవాడు. హిందీలో దూధ్‌ముహా అంటే నోట పాలు ఆరనివాడు. ఇంగ్లీషులో సక్లింగ్ అన్న మాట చప్పరించడం అన్న క్రియ నుంచి వచ్చింది. తెలుగులో అలాంటి మాట చంటి. కన్నుకు కంటి, మన్నుకు మంటి వచ్చినట్టే చన్నుకు చంటి వచ్చింది. చంటిబిడ్డ అంటే చన్ను తాగే బిడ్డ. చంటి అన్నది ఇప్పుడు ముద్దుపేరుగా మారి, మీసాలు వచ్చినవాళ్ళకు కూడా మిగిలిపోతోంది కానీ దాని పుట్టుక మాత్రం అది. తెలుగు మనిషి బిడ్డను చూసినప్పుడు పాలను బట్టి పేరు పెట్టాడు, పశువు బిడ్డను చూసినప్పుడు లేతదనాన్ని బట్టి పేరు పెట్టాడు. రెండో పేరులో ఉన్న సౌకుమార్యం మొదటిదానిలో లేదని ఒప్పుకోక తప్పదు.

సంస్కృతం దూడను మరోవైపు నుంచి చూసింది. వత్సం అన్న మాటకు వత్సరంతో చుట్టరికం ఉంది. ఏడాది వయసుది అన్న భావం నుంచి దూడ అన్న అర్థం వచ్చింది. లాటిన్‌లో దూడను చెప్పే వీతులుస్ అన్న మాట కూడా ఏడాదిని చెప్పే ఆ మూలం నుంచే వచ్చింది. పురాణాల్లో మునులు శిష్యులను ‘వత్సా’ అని పిలిచినప్పుడు ఆ పిలుపుకు అసలు అర్థం ‘దూడా’ అనే. పాలు మానే వయసుకు వచ్చిన దూడను వత్సతరం అన్నారు. సాధారణంగా తర అన్న ప్రత్యయం ఎక్కువను చెబుతుంది. ఇక్కడ మాత్రం తగ్గడాన్ని చెబుతుందని పాణిని ప్రత్యేకంగా సూత్రం చేశాడు. దూడతనం తరిగిపోతున్నది వత్సతరం. పొదుగు దగ్గర ఒక అడుగు, పచ్చికలో ఒక అడుగు ఉన్న ఆ మధ్యకాలాన్ని వ్యాకరణకర్త అంత జాగ్రత్తగా పట్టుకున్నాడంటే ఆయన చుట్టూ ఎన్ని మందలు తిరిగి ఉండాలి!

అమరకోశంలో దూడకు ఉన్న మరో పేరు శకృత్కరి. పేడ వేసేది అని దాని అర్థం. కొట్టం ఊడ్చిన చేతులే ఈ పేరు పెట్టి ఉంటాయి. అప్పుడే పుట్టిన దూడకు అదే నిఘంటువు తర్ణకం అని వేరే పేరు చెబుతుంది. తల్లి విషయంలోనూ అంతే శ్రద్ధ ఉంది. ధేనువు అంటే నేడు ఏ ఆవైనా సరే అనుకుంటారు. అమరకోశం ప్రకారం ధేనువు కొత్తగా ఈనిన ఆవు. ఆ మాటలో ఉన్నది పాలు తాగడాన్ని చెప్పే ధాతువు. ఈని చాలాకాలమైన ఆవు బష్కయణి, అది ధేనువు కాదు. పాత తెలుగులో దీనికి సరిసమానమైన మాట ఒకటి ఉంది, లేగటి ఆవు. కొత్తగా ఈని, కాళ్ళ దగ్గర లేగను పెట్టుకున్న ఆవు అది. బిడ్డను బట్టి తల్లికి పేరు వచ్చింది. బాలింత అన్న మాటలో బాల ఉన్నట్టు, లేగటిలో లేగ ఉంది. ఇంత మంచి మాట వాడుక తప్పిపోవడం నష్టమే. పాడిరైతులు ఇప్పుడు ‘కొత్తగా ఈనింది’ అని రెండు ముక్కల్లో చెప్పుకునేది ఆ ఒక్క మాటలో ఉంది.

వత్సం నుంచి పుట్టిన మాటల్లో అన్నిటికన్నా గొప్పది వాత్సల్యం. దూడ మీద మనసు పడి ఉండే ఆవు వత్సల. ఆ గుణం వాత్సల్యం. పిల్లల మీద పెద్దలకు ఉండే ప్రేమను చెప్పడానికి ఎన్నో మాటలు ఉండగా, తెలుగు సహా దేశభాషలెన్నో దూడ పేరిట పుట్టిన మాటనే ఎంచుకున్నాయి. ఆవు ఈనిన వెంటనే జరిగేది ఒక్కసారి దగ్గర నుంచి చూసినవారికి ఈ ఎంపిక ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. దూడ ఒంటినిండా మాయ, జిగురు, నెత్తురు చారలు ఉంటాయి. తల్లి లేచి, గరుకైన నాలుకతో దాన్ని తల నుంచి తోక దాకా నాకుతుంది. ముక్కుపుటాలు శుభ్రమై ఊపిరి ఆడుతుంది. నాకుడు తగిలినకొద్దీ ఒంట్లో నెత్తురు పరుగెత్తుతుంది. దూడ మొదట వెనక కాళ్ళు లేపి, తూలి, పడి, మళ్ళీ లేచి, గంట తిరిగేలోగా పొదుగు వెతుక్కుంటుంది. శ్రీవైష్ణవ ఆచార్యులు భగవంతుడి వాత్సల్యాన్ని చెప్పడానికి ఈ దృశ్యాన్నే తీసుకున్నారు. తల్లి ఆవు దూడ ఒంటి మురికిని అసహ్యించుకోక ఇష్టంగా నాకినట్టు, దేవుడు శరణన్నవాడి దోషాలను స్వీకరిస్తాడని వారి వ్యాఖ్యానం.

లేగకు పాలే ఎందుకు, గడ్డి ఎందుకు పనికిరాదు అన్న ప్రశ్నకు జవాబు దాని పొట్టలో ఉంది. ఎదిగిన ఆవుకు పొట్టలో నాలుగు గదులు. మొదటి గది అన్నిటికన్నా పెద్దది. మేసిన గడ్డి అందులో చేరి, సూక్ష్మజీవుల వల్ల పులిసి, తిరిగి నోటికి వచ్చి నెమరుగా మారుతుంది. పుట్టిన దూడకు ఆ గది చిన్న సంచి మాత్రమే. అందులో పులియబెట్టే సూక్ష్మజీవులు ఇంకా స్థిరపడి ఉండవు. అప్పటికి పెద్దగా ఉండేది నాలుగో గది. దూడ చప్పరించి తాగేటప్పుడు అన్ననాళం చివర ఉన్న మడత గొట్టంలా ముడుచుకుంటుంది. పాలు మొదటి గదిలో పడకుండా ఆ దారిన సూటిగా నాలుగో గదికి చేరతాయి. అక్కడ ఊరే రసం పాలను విరగగొట్టి గడ్డ కట్టిస్తుంది, తర్వాత మెల్లగా అరుగుతుంది. అంటే లేగకు గడ్డి వద్దన్నది తల్లి గారాబం వల్ల కాదు. దాన్ని అరిగించుకునే గది ఇంకా తయారు కాలేదు.

మొదటి పాల సంగతి మరీ ముఖ్యం. మనిషి బిడ్డకు రోగాలను ఎదిరించే యాంటీబాడీలు కొంతవరకు తల్లి కడుపులోనే అందుతాయి. ఆవు, గేదెల మాయ వాటిని దాటనివ్వదు. దూడ ఆ రక్షణ లేకుండానే నేల మీద పడుతుంది. అది అందేది ముర్రుపాల ద్వారానే. పేగులు ఆ యాంటీబాడీలను ఉన్నవున్నట్టు పీల్చుకోగలిగేది దాదాపు మొదటి ఇరవైనాలుగు గంటలే. గంటలు గడిచేకొద్దీ ఆ శక్తి తగ్గిపోతుంది. అందుకే దూడ బరువులో పదో వంతు ముర్రుపాలు మొదటిరోజే, వీలైనంత త్వరగా పట్టించాలని పశువైద్యులు చెబుతారు. జున్ను కోసం ఎదురుచూసే ఇళ్ళలో పెద్దలు ‘ముందు దూడ కడుపు నిండనివ్వండి’ అనేది ఎంత సరైన మాటో సైన్సు తర్వాత చెప్పింది. జున్ను దూడ వదిలినదాని నుంచే రావాలి.

మన దేశవాళీ ఆవు గానీ గేదె గానీ దూడ లేకుండా సులువుగా పాలివ్వదు. దూడ తలుగు విప్పగానే అది పరుగున వచ్చి పొదుగును మూతితో కుమ్ముతుంది. నాలుగు గుక్కలు తాగేసరికి పొదుగు బిగిసి, చన్నుల్లోకి పాలు దిగుతాయి. దీన్నే చేపడం అంటారు. ‘ఆవు చేపింది’ అనగానే దూడను పక్కకు లాగి తల్లి ముందు కట్టి, గిన్నె పట్టుకుని కూర్చుంటారు. తల్లి దాన్ని నాకుతూ ఉంటుంది, పాలు ధారగా పడుతుంటాయి. మంచి మనసున్నవాళ్ళు మూడు చన్నులు పిండి నాలుగోది దూడకు వదిలేస్తారు. దూడ చనిపోతే తల్లి చేపదు. దాని తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టే అలవాటు పల్లెల్లో ఉండేది. తల్లి దాన్నే నాకి పాలిచ్చేది. కొట్టంలో ఎదురుగా చూడలేని దృశ్యాల్లో అది ఒకటి. సంకరజాతి ఆవులు వచ్చాక పరిస్థితి మారింది. పెద్ద డెయిరీల్లో దూడను పుట్టగానే వేరుచేసి బకెట్‌తో పాలు పడతారు. అది తల్లి పొదుగు చూడదు. అయినా దాన్ని లేగ అనడానికి ఏ అడ్డూ లేదు, మాట పుట్టింది పొదుగు నుంచి కాదు, లేతదనం నుంచి కాబట్టి.

పాలు తాగే దూడకూ పాలు మానిన దూడకూ ఉన్న తేడా మీద ఒక గొప్ప కథ నిలబడి ఉంది. భాగవతం దశమస్కంధంలోని ఈ కథను పోతన తెలుగులో రాశాడు. బ్రహ్మ కృష్ణుణ్ణి పరీక్షించాలని దూడలనూ గోపబాలకులనూ మాయం చేస్తాడు. కృష్ణుడు తానే అన్ని దూడలై, అందరు పిల్లలై వ్రేపల్లెకు తిరిగి వస్తాడు. ఏడాది పాటు ఎవరికీ అనుమానం రాదు. చివరకు బలరాముడు పసిగడతాడు. గోవర్ధనగిరి మీద మేస్తున్న ఆవులకు కింద తిరుగుతున్న దూడలు కంటపడతాయి. అవి ఎప్పుడో పాలు మానిన దూడలు. వాటి తర్వాత మళ్ళీ ఈనిన తల్లులు కూడా ఆ మందలో ఉన్నాయి. అయినా ఆవులు కాపరులను లెక్కచేయక, దారి కానిదారిన దిగి వచ్చి, ఆ దూడలకు పాలు చేపి, మింగేస్తాయా అన్నట్టు నాకుతాయి. పాలు మానిన బిడ్డల మీద ఇంత చేపు ఎక్కడిదని బలరాముడు ఆలోచనలో పడతాడు. కథ ముడి విడేది అక్కడే. పాలు మానడం అన్నది తల్లీబిడ్డల బంధంలో ఎంత స్పష్టమైన గీత అన్నది తెలిసిన సమాజంలోనే ఆ గీత దాటినప్పుడు ఆశ్చర్యం పుడుతుంది.

పదిహేనో శతాబ్దపు కవి అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పిన ఆవు, పులి కథ కూడా ఈ గీత మీదే నడుస్తుంది. పులికి చిక్కిన ఆవు, దూడకు కడుపునిండా పాలిచ్చి తిరిగి వస్తానని వేడుకుంటుంది. మాట ప్రకారం తిరిగి వచ్చి పులిని గెలుస్తుంది. ఆ దూడ మేత నేర్చినదై ఉంటే ఆవు వేడుకోలుకు అంత బలం ఉండేది కాదు. అది లేగ కాబట్టే కథ నిలిచింది.

లేగతనం ఒక్కరోజులో పోదు. రెండు మూడు వారాలు వచ్చేసరికి దూడ తల్లి ముందున్న పచ్చగడ్డిని మూతితో తాకి చూస్తుంది, ఒక పరక నోట పెట్టి ఆడిస్తుంది. ఆ పరకలతో పాటు లోపలికి చేరిన సూక్ష్మజీవులు మొదటి గదిలో కాపురం పెడతాయి. మేత పడినకొద్దీ ఆ గది పెరుగుతుంది. దాదాపు మూడు నెలలకు అది పని చేయగల స్థితికి వస్తుంది. పాలు మాన్పించేటప్పుడు కొందరు దూడ మూతికి చిక్కం కడతారు, కొందరు దూరంగా కట్టేస్తారు. తల్లి చూడికట్టి ఒట్టిపోయినప్పుడు అది దానంతట అదే పొదుగు మరుస్తుంది. కొట్టంలో మూలన పడుకుని, కళ్ళు సగం మూసి, దవడలు అటూ ఇటూ ఆడిస్తూ స్థిరంగా నెమరు వేస్తున్నప్పటికి అది లేగ కాదు, దూడ. ఇంకొన్నాళ్ళకు ఆడదైతే పెయ్య, మగదైతే కోడె.